కొత్తగ చెవి, ముక్కు, బొడ్డు కుట్టిచ్చుకున్నోళ్ళ కోసం: చీము పట్టకుంట మానే దాకా ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు

కుట్టిచ్చుకునుడు రెండు నిమిషాల పని, మానుడు మాత్రం నెలల పని, ఆ నెలలల్ల ఇంట్లోళ్ళు చుట్టాలు పక్కింటోళ్ళు తలా ఒక వైద్యం చెప్తనే ఉంటరు. ఒకరు పసుపు పెట్టమంటరు, ఒకరు కొబ్బరినూనె అంటరు, ఇంకొకరు కమ్మ తిప్పుతనే ఉండాలె లేకుంటే అతుక్కపోతది అంటరు, మెడికల్ షాపాయన ఏదో ట్యూబు చేతుల పెడ్తడు. అన్నీ కలిసి మంచిగ మానే బొక్కను పుండు చేస్తయి. నేను కింద రాసేదంత ఒక్క మాట చుట్టే తిరుగుతది: రోజుకు రెండుసార్లు శుభ్రం చేసి, ఆరబెట్టి, ఇగ దాన్ని ముట్టకుంట వదిలిపెట్టుడు.

ముందుగల టైం చూస్కోండి

పెళ్ళిపిల్లల సంగతి మొదలు చెప్పాలె. పెళ్ళికి వారం ముంగట ముక్కు కుట్టిపిచ్చుడు మన దగ్గర మస్తు జరుగుతది, ముక్కుపుల్ల లేకుంటే ఫొటోలల్ల బాగుండదు అని. ముక్కు మానెతందుకు నాలుగు నుంచి ఆరు నెలలు పడ్తది. వారం రోజుల పుండు మీద నలుగు, పసుపు, ఆ మీద ఫౌండేషన్, రాత్రి దాన్ని రుద్ది తీసే రిమూవరు, ఇవన్నీ పోయి ఆ బొక్కల్నే కూసుంటయి. ఆరు నెలల టైం లేదనుకుంటే కుట్టకుంట నొక్కి పెట్టుకునే ముక్కుపుల్లలు దొరుకుతయి, అవి తెచ్చుకోండి, ఫొటోల ఎవ్వరికీ తెల్వదు.

ఇంటర్ పిల్లలది ఇంకో లెక్క. హన్మకొండల సగం కాలేజీలు నీట్ మీదనే నడుస్తున్నయి, ఆ పరీక్షకు చెవులకు ముక్కుకు ఏముండొద్దు, గేటు కాన్నే తీపిస్తరు. ఫిబ్రవరిల హెలిక్స్, అంటే చెవి పై అంచు, కుట్టిచ్చుకొని మే నెలల పరీక్షకని తీస్తే కొన్ని గంటలల్లనే బొక్క దగ్గరపడుడు షురూ అయితది, సాయంత్రం మళ్ళ ఎక్కియ్యబోతే కొత్తగ కుట్టినంత నొప్పి. పరీక్ష అయినంకనే పోండి, ఇంకో మూడు నెలలు ఆగితే ఏం కాదు.

షుగర్ ఉన్నోళ్ళు, గుండె కవాటాల సమస్య ఉన్నోళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేటోళ్ళు డాక్టర్‌ని అడిగినంకనే కుట్టిచ్చుకోవాలె. గుండె సమస్య ఉన్నోళ్ళు దీన్ని తేలికగ తీస్కోవద్దు, బొక్కల నుంచి రక్తంలకు పోయిన సూక్ష్మజీవి కవాటం మీద కూసుంటే ప్రాణం మీదికొస్తది. గర్భంతోని ఉన్నప్పుడు బొడ్డు జోలికి పోవద్దు. ఇంట్ల ఎవరికన్న చిన్న దెబ్బ తాకినా మచ్చ కాయలెక్క లేచే గుణం ఉంటే, అంటే కెలాయిడ్, తమ్మె వరకు ఆలోచించుకోండి గని చెవి పైభాగానికి మాత్రం నేనైతే వద్దనే చెప్త.

టీకాలు గూడ చూస్కోవాలె. పెద్దోళ్ళు ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు తీస్కున్నరో గుర్తు చేస్కోండి, హెపటైటిస్ బి టీకా పడకపోతే అది మూడు డోసులు, మొదటిది ఇయ్యాల అనుకుంటే నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చిన్నపిల్లలకైతే ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు అయినంక కుట్టిపిచ్చుడు నయం, ధనుర్వాతానిది హెపటైటిస్‌ది ఆ పెంటావాలెంట్ సూదిల్నే ఉంటయి.

ఎవరి దగ్గర కుట్టిచ్చుకోవాలె

మనకు నాలుగు దార్లు ఉన్నయి: ఊర్ల అవుసలాయన, బంగారం షాపు లేకుంటే బ్యూటీ పార్లర్‌ల గన్ను, టాటూ స్టూడియోల సూది, దవాఖానల డాక్టర్. చిన్నపిల్లలకు పిల్లల డాక్టరో, ఈఎన్టీ డాక్టరో, ప్లాస్టిక్ సర్జనో కుడ్తరు, చానమందికి ఇది తెల్వనే తెల్వదు.

గన్ను గురించి గట్టిగనే చెప్తున్న. అది ప్లాస్టిక్ వస్తువు, ఆటోక్లేవ్‌ల (ఆవిరి వేడితోని సూక్ష్మజీవులను చంపే మిషన్) పెడితే కరిగిపోతది, అందుకే దాన్ని స్పిరిట్ దూదితోని పైపైన తుడిచి తర్వాతోళ్ళ చెవికి పెడ్తరు. పైగా దాంట్ల ఉండేది సూది కాదు, మొన మొద్దుగ ఉన్న స్టడ్డే, స్ప్రింగు బలంతోని చర్మంల నుంచి తోస్కపోతది. తమ్మెకైతే అది మెత్తని కండ గనక చానమందికి నడిచిపోతది. చెవి పైన గట్టి భాగానికి, ముక్కుకు మాత్రం గన్ను వద్దే వద్దు. ఆ గట్టి భాగం కార్టిలేజ్, దానికి సొంతంగ రక్తనాళాలు ఉండవు, పైన అతుక్కొని ఉన్న పొర నుంచే దానికి రక్తం అందుతది, గన్ను దెబ్బకు అది నలిగితే మానుడు కష్టం, సూక్ష్మజీవి చేరుడు అల్కగ.

అవుసలాయన పద్ధతి వేరు, సన్నని బంగారు తీగ మొనను ఆకురాయితోని సాది, దీపం మీద కాల్చి, తమ్మె కింద గుడ్డ పెట్టి ఒక్క పోటు పొడిచి తీగను చుట్టేస్తడు. చెయ్యి తిరిగినాయన అయితే బొక్క చక్కగ పడ్తది, గన్నుకన్న తక్కువ నలుగుతది, ఆ మాట ఒప్పుకోవాలె. తేడా వచ్చేది చేతుల కాడ. కొలిమి కాడ పని చేసిన చేతులతోనే, మసి పట్టిన గుడ్డతోనే పొడిస్తే తీగ ఎంత కాల్చినా లాభం లేదు. ఆయన్నే పిలిపిచ్చుకునేటట్టుంటే సబ్బుతోని చేతులు కడిగిపిచ్చి, కొత్త గ్లోవ్స్ మీరే ఇయ్యండి, తీగనో కమ్మలనో ముందే 20 నిమిషాలు మరగబెట్టండి. ఇది ఆటోక్లేవ్‌కు సమానం కాదు, ఆటోక్లేవ్ అంటే ఒత్తిడి పెట్టిన ఆవిరిల 121 డిగ్రీల మీద కనీసం 15 నిమిషాలు, ఉత్త నీళ్ళు అంత వేడికి పోవు. ఏం చెయ్యకుంట ఉండుటకన్న మాత్రం మస్తు నయం.

స్టూడియోకు పోతే చూడాల్సింది లోపల లైట్లు, సోఫాలు కాదు. సూది ప్యాకెట్ మీ ముంగట చింపాలె, పెన్నుతోని గుర్తు పెట్టి అద్దంల చూపియ్యాలె, గ్లోవ్స్ తొడుక్కున్నంక ఫోన్ ముట్టుకుంటే గ్లోవ్స్ మార్చాలె, వాడిన సూది పంక్చర్ కాని డబ్బల వెయ్యాలె. అన్నా కొత్త సూది తియ్యి అని అడిగితే మొఖం మాడ్చుకునేటోని దగ్గర కుట్టిచ్చుకోవద్దు. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రక్తం అంటిన సూదితోని గూడ వస్తయి, అడుగుతే సిగ్గేంది.

ఏ లోహం పెట్టాలె

కొత్త బొక్కకు ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం మంచిది, ఏఎస్‌టీఎం ఎఫ్136 అని రాసుంటది, మంచి స్టూడియోలల్ల దొరుకుతది. మన ఇండ్లల్ల నడిచేది బంగారం, 916 అంటే 91.6 శాతం బంగారం, మిగిలింది మామూలుగ రాగి, వెండి, అదీ చానమందికి పడ్తది, మెత్తగ ఉంటది గనక గీతలు వడ్డ పాత కమ్మ మాత్రం పెట్టొద్దు, ఆ గీతలల్లనే మురికి చేరుతది. వన్ గ్రామ్ గోల్డ్ కమ్మలు, ఆర్టిఫిషల్‌వి ఆరు నెలలు పక్కకు పెట్టేయండి, పూత పోతే లోపట ఉండేది ఇత్తడి, నికెల్. నికెల్ పడనోళ్ళకు దురద పెట్టి, సన్న పొక్కులు లేచి, రసి కారుతది, చూసేటోళ్ళు దాన్ని చీము అనుకొని యాంటీబయాటిక్ మింగుతరు. సర్జికల్ స్టీల్ అని అమ్మే 316ఎల్‌ల గూడ నికెల్ ఉంటది, తక్కువ ఊడుతది అంతే, ఇదివరకు వాచ్ బెల్టుకు, ప్యాంటు గుండీకి దురద వచ్చినోళ్ళు దాని జోలికి పోవద్దు.

కమ్మ సైజు గూడ ముఖ్యమే. మొదటి వారం వాపు వస్తది, ఆ వాపుకు జాగ ఉండాలె. శీల వెనక నుంచి గట్టిగ నొక్కి బిగిస్తే వాచిన తమ్మెల అది మునిగిపోతది, పిల్లలకైతే ఇది మరీ ఎక్కువ.

రోజూ చేసే పని

కావాల్సింది సెలైన్, గాజు గుడ్డ (పుండుకు కట్టే పల్చని గుడ్డ), సబ్బు. సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పునీళ్ళు, మెడికల్ షాపుల నార్మల్ సెలైన్ అని అడుగుతే 100 ఎంఎల్ బాటిల్ ఇస్తరు. దాంట్ల ప్రిజర్వేటివ్ ఉండదు గనక మూత తీసినంక ఒక్క రోజుకన్న ఎక్కువ దాచొద్దు. రోజూ కొత్తది కొనుడు మనతోని కాదనుకుంటే ఇంట్లనే చేస్కోవచ్చు: గ్లాసు నీళ్ళు, సుమారు 240 ఎంఎల్, బాగా మరగబెట్టి చల్లారినంక పావు టీస్పూన్ ఉప్పు వేసి పూర్తిగ కరగనియ్యాలె, ఆ పూటకు ఆ పూటనే. ఉప్పు ఎక్కువైతే మంచిగ మానుతదనుకునేటోళ్ళు ఉన్నరు, ఎక్కువైతే చర్మం ఎండి పగులుతది.

పొద్దున తానం అయినంక చేస్తే సుఖం, ఎందుకంటే గోరువెచ్చని నీళ్ళకు పక్కు సగం మెత్తబడే ఉంటది. చేతులు సబ్బుతోని 20 సెకండ్లు కడుగండి, గోర్ల సందులు గూడ. గాజు గుడ్డ ముక్కను సెలైన్‌ల తడిపి, పిండకుంట, స్టడ్ ముంగట ఒకటి వెనక ఒకటి ఆనిచ్చి రెండు మూడు నిమిషాలు అట్లనే పట్టుకోండి. అప్పటిదాకా బంగారం చుట్టూ గట్టిగ పసుపుపచ్చగ అంటుకొని ఉన్న పక్కు నాని గుడ్డకే వచ్చేస్తది. వచ్చిందే తియ్యాలె, రానిది సాయంత్రం వస్తది, గోరుతోని గిల్లితే కింద అప్పుడప్పుడే కట్టుకుంటున్న చర్మం గూడ ఊడొస్తది. దూది వాడొద్దు, దాని పోగులు శీలకు చుట్టుకుంటయి. అయినంక శుభ్రమైన టిష్యూతోని అద్ది ఆరబెట్టండి, ముఖ్యంగ వెనకవైపు, అందరు వాడే తువ్వాలతోని కాదు. తువ్వాలల సూక్ష్మజీవులు ఒకటైతే, దాని దారాలు స్టడ్‌కు చిక్కి గుంజుతయి అది ఇంకోటి.

మళ్ళ రాత్రి పడుకునే ముంగట ఒకసారి. రోజుకు రెండుసార్లు చాలు. ఐదారుసార్లు కడిగేటోళ్ళ చెవే ఎండిపోయి దురద పెడ్తది.

కమ్మ తిప్పుడు సంగతి. అతుక్కపోతదని తిప్పమంటరు గద, బంగారానికి చర్మం అతుక్కోదు, అతుక్కున్నట్టు అనిపిచ్చేది ఎండిన రసి. దాన్ని తడపకుంట తిప్పితే ఆ గట్టి పక్కు ముక్క లోపటి పచ్చి సందుల నుంచి గీస్కుంట పోతది, రోజూ లోపట కొత్త గాయం చేసినట్టే. తిప్పొద్దు.

పెట్టొద్దని చెప్పే లిస్టు

పసుపు: వంటింటి పసుపు శుభ్రమైన మందు కాదు, పొడి పోయి బొక్కల ముద్ద కట్టి తడిని పట్టుకుంటది. అమ్మమ్మలతోని కొట్లాడుడు కష్టం, ఆమె మనసు నొచ్చకుంట చెవి చుట్టూ కాదే కాళ్ళకు పెట్టు అని తప్పిచ్చుకోవాలె. కొబ్బరినూనె, వాసలీన్, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు: ఇవి గాలి ఆడకుంట కప్పేస్తయి. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, అయోడిన్ మందు రోజూ వాడుడు: సూక్ష్మజీవులతోని పాటు కొత్తగ వచ్చే చర్మాన్ని గూడ కాల్చేస్తయి, పెరాక్సైడ్ నురగ వస్తుంటే పని చేస్తుందనిపిస్తది గంతే. ఏపపుల్ల, చీపురుపుల్ల బొక్కల పెట్టుడు: బంగారం లేకుంటే బొక్క మూసుకపోవద్దని పెట్టేది, ఏప మంచిదే అయినా చెట్టు మీది దుమ్ము, పురుగు, విరిగిన పేడు లోపట ఉండిపోతయి. అన్నిటికన్న ఎక్కువ నష్టం చేసేది మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే మిక్స్‌డ్ క్రీములు, దాంట్ల స్టెరాయిడ్ ఉంటది, రెండ్రోజులు ఎరుపు, వాపు తగ్గిచ్చి మంచిగైందని నమ్మిచ్చి లోపట చీమును పెరగనిస్తది.

ఎక్కడిది ఎన్ని రోజులకు మానుతది

తమ్మె ఆరు నుంచి ఎనిమిది వారాలు. ముక్కు పక్క నాలుగు నుంచి ఆరు నెలలు. చెవి గట్టి భాగం, అంటే పైన హెలిక్స్, మన పెద్దోళ్ళు బావిలీలు పెట్టుకున్న జాగ, చెవి రంధ్రం ముంగటి ట్రాగస్, ఆరు నెలల నుంచి ఏడాది. బొడ్డు గూడ అంతే. నాలుక ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఇవి మంచిగ చూస్కుంటేనే. బొక్క బయట నుంచి లోపటికి మానుతది, బయట చూస్తే అంతా మానినట్టే ఉంటది గని మధ్యల ఇంక పచ్చిగనే ఉంటది, మూడో వారమే బరువు బుట్టలు ఎక్కిచ్చే తొందర అక్కన్నే తప్పు.

ముక్కుకు లోపటి వైపు పక్కు ఎక్కువ కడ్తది, వేలు పెట్టి తీసే అలవాటున్నోళ్ళు ఈ ఆరు నెలలన్న మానుకోవాలె. ముక్కు, పై పెదవి చుట్టూ ఉన్న భాగంల రక్తనాళాలకు మెదడు దిక్కు పోయే రక్తనాళాలతోని లింకు ఉంటది, అక్కడ చీము పడితే పిసుకుడు అనే పనే చెయ్యొద్దు.

బొడ్డుకు శత్రువు చీర కుచ్చిళ్ళు, జీన్స్ నడుము, లెగ్గింగ్ ఎలాస్టిక్. కొన్ని నెలలు వదులు చుడీదార్లతోని గడపాలె, బోర్ల పడుకోవద్దు.

నాలుకకు మొదటి మూడు నుంచి ఐదు రోజులు బాగా వాపు వస్తది, అందుకే ముందు పొడుగు బార్ పెడ్తరు, వాపు తగ్గినంక రెండు మూడు వారాలకు పొట్టిది మార్పిచ్చుకోవాలె, మార్చకుంట వదిలేస్తే పన్ను పెచ్చు ఊడుతది, చిగురు కిందికి పోతది. అన్నం తిన్న ప్రతిసారి సెలైన్‌తోని పుక్కిలియ్యాలె, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ ఒకటి పెట్టుకోండి, ఐసు ముక్కలు చప్పరిస్తే సుఖంగ ఉంటది. మానేదాకా కల్లు, మందు, సిగరెట్, గుట్కా, జర్దా బంద్. ఎర్రకారం తొక్కు గూడ. వాపుతోని మింగరాకుంట, ఊపిరి ఆడకుంట అయితే ఇంట్ల కూసోవద్దు, 108 కు ఫోన్ కొట్టండి.

మన ఎండలు, మన హెల్మెట్లు, మన జాతరలు

వరంగల్ మే నెల ఎండల చెమట నెత్తి నుంచి చెవి వెనకకే కారుతది, అక్కడ శీల సందుల ఉప్పు, నూనె, దుమ్ము కలిసి ముద్దయితది. అందుకే కుదిరితే చలికాలంల కుట్టిచ్చుకోండి. ఎండాకాలంల అయిపోతే బయట నుంచి రాంగనే మంచినీళ్ళతోని కడిగి ఆరబెట్టుడు, అంతే, మూడోసారి సెలైన్ అక్కరలేదు.

హెల్మెట్ తియ్యకుంట ఎట్ల తిరగాలె అని అడుగుతరు. తియ్యొద్దు, తలకాయ చెవికన్న ముఖ్యం. పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు పట్టీలు చేతులతోని వెడల్పు గుంజి పట్టుకొని చెవికి రాపిడి కాకుంట దించండి, లోపటి గుడ్డ ఊడొచ్చేదైతే వారానికోసారి ఉతుకండి. స్కార్ఫు కడితే దాని దారం స్టడ్‌కు చిక్కకుంట లోపట మెత్తని కాటన్ రుమాలు. ఫోన్ అవతలి చెవికి. దిండు గలీబు రెండ్రోజులకోసారి మార్చండి, హాస్టల్‌ల ఉన్నోళ్ళకు ఒక ఉపాయం, ఉతికిన టీషర్టు దిండుకు తొడిగి ఒక రాత్రి ఇటు ఒక రాత్రి అటు తిప్పుకోవాలె. కుట్టిన దిక్కు పడుకోవద్దు, చెవి పైభాగం వంకరగ మానేది నిద్రల ఒత్తుడుతోనే.

మేడారం జాతరల జంపన్నవాగుల మునుగుడు, కాళేశ్వరంల గోదావరి తానం, లక్నవరంల, పాకాలల ఈత, బతుకమ్మ నిమజ్జనం కాడ చెరువుల దిగుడు, ఇవన్నీ మానని బొక్కకు పడవు. నిల్వ నీళ్ళల్ల, లక్షల మంది దిగిన నీళ్ళల్ల ఉండేటివి సామాన్యమైన సూక్ష్మజీవులు కాదు. మొక్కు ఉంది పోవాల్సిందే అంటే నీళ్ళు నెత్తిన చల్లుకొని రండి, తల్లులు ఏమనరు. హోలీ రంగులైతే ఇంకా ఘోరం, ఆ పూట మంచిగ కప్పుకొని ఉండండి.

వేములవాడల, ఐనవోలుల పుట్టెంటికలు తీపిచ్చిన రోజే చెవులు గూడ కుట్టిపిస్తరు గద. గుండు మీద పూసిన గంధం చెమటకు కరిగి చెవి వెనక తీగ చుట్టూ గడ్డ కడ్తది, అది మీరు చూస్కునేసరికి సాయంత్రం ఇంటికొచ్చి పిల్ల ఏడుస్తుంటది. రెండు పనులు ఒక్క రోజు పెట్టుకోకపోవుడే మంచిది, తప్పదంటే గంధం నడినెత్తి మీద మాత్రమే పెట్టిపిచ్చి, బస్సు ఎక్కేముందే చెవి వెనక తడిగుడ్డతోని తుడువండి.

ఇది మామూలా, ఇన్ఫెక్షనా

మొదటి వారం కొంచెం నొప్పి, కొంచెం వాపు, వేడి, ముట్టుకుంటే సలుపు, ఇదంత మామూలు. నీళ్ళలెక్క పల్చగ లేకుంటే లేత పసుపు రసి వచ్చి పక్కు కట్టుడు గూడ మామూలే, వాసన ఉండదు. ఇది రోజురోజుకు తగ్గుకుంట పోవాలె, అదే గుర్తు.

తగ్గి మళ్ళ పెరిగినా, నాలుగైదు రోజులు దాటినంక సలుపు ఎక్కువైనా, చిక్కగ పసుపో ఆకుపచ్చో చీము వచ్చి వాసన కొట్టినా ఇన్ఫెక్షన్ అనుకోవాలె. ఎర్రగ అయితది అని అంతటా రాస్తరు గని మన చామనచాయ చర్మానికి ఎరుపు సరిగ కనపడదు, నల్లగనో ఊదాగనో కమిలినట్టు కనిపిస్తది. చేతులు కడుక్కొని చెయ్యి వెనకభాగం ఒకసారి ఈ చెవికి ఒకసారి ఆ చెవికి ఆనిచ్చి చూడండి, వేడి తేడా తెలుస్తది.

చెవి పైభాగం కుట్టిచ్చుకున్నోళ్ళు ఇది బాగా చదవండి. తమ్మె మామూలుగనే ఉండి పైన చెవి అంత ఉబ్బి, వేడెక్కి, ముట్టుకోనియ్యకుంట సలుపుతుంటే అది పెరికాండ్రైటిస్, అంటే కార్టిలేజ్ పొరకు పట్టిన ఇన్ఫెక్షన్. తరచుగ దీనికి కారణం సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, తడి జాగలల్ల బతికేది, మెడికల్ షాపుల ఇచ్చే అమాక్సిసిలిన్ దీని మీద పని చెయ్యదు. నాలుగు రోజులు ఆ గోలీలు వాడి చూద్దాం అనుకుంటే ఆ లోపు చీము పొరను కార్టిలేజ్ నుంచి వేరు చేస్తది, రక్తం అందక కార్టిలేజ్ చచ్చిపోయి చెవి ముడుచుకపోతది, ఆ రూపం మళ్ళ రాదు. అదే రోజు ఈఎన్టీ డాక్టర్‌కు చూపియ్యాలె. వరంగల్ ఎంజీఎం దవాఖానల ఈఎన్టీ ఓపీ ఉంది, స్కిన్ ఓపీ ఉంది, పొద్దున పోయి చీటి రాపిచ్చుకోండి.

జ్వరం, చలి, చెవి నుంచి మెడ దిక్కు ఎర్రని గీత, మెడల గడ్డలు, స్టడ్ తమ్మెల మునిగి కనపడకుంట అయిపోవుడు, ముక్కు కుట్టినంక కన్ను చుట్టూ వాపు, ఇవి గూడ ఆగే సంగతులు కాదు. షుగర్ ఉన్నోళ్ళు చిన్న చీముకు గూడ పోవాలె.

తమ్మెకు కొద్దిగ రసి మారి కొద్దిగ వేడిగ ఉంది, జ్వరం లేదు అంటే ఒకట్రెండు రోజులు సెలైన్ కాపడం పెట్టి చూడొచ్చు, గోరువెచ్చగ, రోజుకు మూడు నాలుగుసార్లు. తగ్గకపోతే డాక్టర్. ఇన్ఫెక్షన్ చిన్నదైనా పెద్దదైనా కమ్మ మీరే పీకెయ్యొద్దు. భయంతోని అందరు చేసే మొదటి పని అదే. కమ్మ తీస్తే పై చర్మం మూసుకపోతది, చీము బయటికి వచ్చే దారి లేక లోపట గడ్డ కడ్తది. తియ్యాల్నా వద్దా డాక్టర్ చెప్తడు. నొప్పికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు, రక్తం కారుడు పెరుగుతది.

బొక్క పక్కన కాయ లేస్తే

కుట్టిన కొన్ని వారాలకే బొక్కకు ఆనుకొని చిన్న ఎర్ర బుడిపె లేస్తే అది చానవరకు కెలాయిడ్ కాదు, రాపిడికి లేచిన కండ. నిద్రల ఒత్తుడు, హెల్మెట్, పొడుగైన బార్, నికెల్, ఏదో ఒకటి కారణం ఉంటది, అది తీసేస్తే నెల రెండు నెలలల్ల అదే కుంగుతది. దాని మీద టీ ట్రీ ఆయిల్, ఆస్పిరిన్ ముద్ద, టూత్‌పేస్టు అని వీడియోలల్ల చూపిస్తరు, అవి చర్మాన్ని కాల్చేటివి.

కెలాయిడ్ నెమ్మదిగ వస్తది, చానవరకు మూడు నెలలు దాటినంక, గట్టిగ, నున్నగ, బొక్క దాటి బయటికి పెరుగుకుంట పోతది. కోసి తీపిస్తే అంతకన్న పెద్దది వచ్చే అవకాశం ఉంది, అందుకే ఉత్తగ కోస్తనన్నోని దగ్గరికి పోవద్దు, స్కిన్ డాక్టర్ దాంట్లకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తడు, కొన్ని నెలల పొంటి ఇస్తరు, దాంతోని చానమందికి కుంగుతది.

కమ్మ మార్చుడు

పైన చెప్పిన టైం అయిపోయి, రెండు మూడు వారాల నుంచి నొప్పి, రసి, పక్కు ఏం లేకుంట ఉంటేనే మార్చండి. తానం అయినంక, చేతులు కడుక్కొని, కొత్త కమ్మను మరగబెట్టి చల్లార్చి, సింకు జాలి మూసిపెట్టి (ముక్కుపుల్లలు పోయేది అండ్లకెల్లే), పాతది తియ్యంగనే కొత్తది ఎక్కియ్యాలె. ఫోన్ చూస్కుంట మధ్యల ఆపొద్దు. బంగారం కొత్తది కొంటే హాల్‌మార్క్ పక్కన అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ ఉందా చూడండి, ఉంటే లోపట ఏం కలిసిందో అన్న అనుమానం తగ్గుతది. జూకాలు, బుట్టలు మొదటి ఏడాది ఫంక్షన్ పూటకు మాత్రమే, పడుకునే ముంగట తీసి చిన్న స్టడ్ పెట్టుకోండి, లేకుంటే బరువుకు బొక్క కిందికి సాగుతది.

మానకముందే ముక్కుపుల్ల తుమ్ముకో, తువ్వాలకో ఊడి పడిపోతే కంగారు పడకుండ్రి. కడిగి, సెలైన్‌ల ముంచి, అద్దం ముంగట నెమ్మదిగ అదే కోణంల ఎక్కియ్యండి, గంట రెండు గంటలల్ల అయితే మామూలుగ ఎక్కుతది. రెండోసారికి గూడ ఎక్కకపోతే నూనె పెట్టి తొయ్యకుండ్రి, కుట్టినాయన దగ్గరికే అదే పూట పోండి, బొక్క ఇంక తెరిచి ఉంటే సన్నని టేపర్ (కొన సన్నబడే కడ్డీ) పెట్టి దాని వెంట పుల్లను ఎక్కిస్తడు. పూర్తిగ మూసుకపోయి ఉంటే కొన్ని నెలలు ఆగి, మచ్చ మెత్తబడ్డంక, మళ్ళ కొత్తగ కుట్టిచ్చుకోవాలె.